మాగ్నెట్ లాక్ ఉన్న గొలుసు అమ్మకు వేయవచ్చా? నాన్నగారికి పేస్‌మేకర్ ఉంది

ప్రశ్న: గంజాం ఆడపడుచు, బరంపురం

అందరికీ నమస్కారం. మా అమ్మకు 67 ఏళ్లు. ఆరేళ్లుగా కీళ్లవాతంతో బాధపడుతోంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు వాచిపోయి, పొద్దున్న పూట పిన్నీసు కూడా పెట్టుకోలేదు. ఆమె మెడలో ఎప్పుడూ ఉండే గొలుసు 18 అంగుళాలది, లాకెట్‌తో కలిపి 12 గ్రాములు తూగుతుంది. దాని వెనక ఉన్న కొక్కెం చాలా చిన్నది. గోటితో మీట వెనక్కి లాగి పట్టుకుని, రెండో చేత్తో రింగు తగిలించాలి. ఆ పని అమ్మ వల్ల కావడం లేదు. మూడేళ్లుగా మా నాన్నగారే ఆమె వెనక నిలబడి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, రెండు కొసలూ కిటికీ వెలుతురుకు తిప్పుకుని తగిలిస్తున్నారు. ఆయనకూ 74 ఏళ్లు వచ్చాయి, చెయ్యి వణుకుతోంది.

ఇక్కడి ఒక దుకాణంలో గొలుసుకు మాగ్నెట్ లాక్ వేయించుకొమ్మని చెప్పారు. రెండు కొసలు దగ్గరికి తెస్తే చాలు, వాటంతట అవే అతుక్కుంటాయి. పైగా మెడనొప్పి కూడా తగ్గుతుందని ఆ అమ్మే అబ్బాయి అన్నాడు. అమ్మకు చాలా నచ్చింది. అయితే నాన్నగారికి రెండేళ్ల కిందట విశాఖపట్నంలో పేస్‌మేకర్ అమర్చారు, ఎడమవైపు కాలర్ ఎముక కింద ఉంది. అయస్కాంతాలకు దూరంగా ఉండమని అప్పుడు ఇచ్చిన కాగితంలో రాశారు. గొలుసు అమ్మ మెడలో ఉంటుంది, యంత్రం నాన్నగారి ఛాతీలో ఉంటుంది. అలాంటప్పుడు ప్రమాదం ఉంటుందా అన్నది నా మొదటి సందేహం. ఇద్దరూ ఒకే మంచం మీద పడుకుంటారు. గుడిలోనో పెళ్లిలోనో జనం ఎక్కువగా ఉంటే అమ్మ గొలుసు తీసి నాన్నగారి చొక్కా జేబులో వేయడం కూడా మామూలే.

రెండో సందేహం, ఆ అయస్కాంతం 12 గ్రాముల బంగారాన్ని ఆపుతుందా అని. మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర రాత్రుల్లో మా వీధిలో ఎంత తోపులాట ఉంటుందో ఇక్కడివారికి తెలుసు. పది నెలల మా బాబు కూడా అమ్మ ఒడిలో కూర్చుని గొలుసు పట్టుకుని లాగుతూ ఉంటాడు. నగలపని తెలిసినవారు, ఆసుపత్రి పని తెలిసినవారు దయచేసి చెప్పండి.


జవాబు: కుంపటి దగ్గర, పర్లాకిమిడి

అమ్మా, మాది మూడు తరాలుగా బంగారుపని చేసే కుటుంబం. పేస్‌మేకర్ సంగతి చెప్పే అర్హత నాకు లేదు. లాక్ సంగతి మాత్రం చెబుతాను.

బంగారం అయస్కాంతానికి అంటదు. మా పనిబల్ల మీద ఆకురాయి పెట్టినప్పుడు రాలే బంగారు రజనులో ఆకురాయి నుంచి ఊడిన ఇనుపపొడి కూడా కలుస్తుంది. కరిగించే ముందు, కాగితం చుట్టిన అయస్కాంతాన్ని దాని మీద తిప్పితే ఇనుము పైకి లేచి వస్తుంది, బంగారం కిందనే ఉండిపోతుంది. కాబట్టి మాగ్నెట్ లాక్‌లో పట్టు ఇచ్చేది పైన మెరిసే రేకు కాదు, లోపల కూర్చోబెట్టిన రెండు చిన్న బిళ్లలు. అవి నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి చేసిన అయస్కాంతాలు. 1980లలో జపాన్‌లోనూ అమెరికాలోనూ ఈ రకాన్ని కనిపెట్టిన తరవాతే కందిబద్దంత బిళ్ల ఒక నగను పట్టి ఉంచగలగడం సాధ్యమైంది.

ఆ పట్టుకు ఒక గుణం ఉంది, కొనేవారు దాన్ని తప్పక తెలుసుకోవాలి. బిళ్లలను ఎదురెదురుగా లాగితే గట్టిగా నిలబడతాయి, పక్కకు జరిపితే సులువుగా జారి విడిపోతాయి. మెడ వెనక గొలుసు బిగువుగా ఉన్నంతసేపు లాగుడు ఎదురెదురుగానే ఉంటుంది. పైట కొంగు తగిలినా, సంచి పట్టీ ఒరుసుకున్నా, దిండు మీద తల తిప్పినా ఆ లాగుడు పక్కవాటుగా మారుతుంది. అందువల్ల చదునైన రెండు ముఖాలు అంటుకునే లాక్ ఎంత అందంగా ఉన్నా వద్దు. ఒక సగంలో చిన్న గుంట ఉండి, రెండో సగం అందులో దిగి, డబ్బాలో మూత కూర్చున్నట్టు కూర్చోవాలి. దుకాణంలో దాన్ని నేరుగా లాగి చూపిస్తారు. మీరు వేళ్ల మధ్య మెలితిప్పి, పక్కకు వంచి చూడండి. ఇంకొక విషయం, రెండు బిళ్లల మధ్య సన్నని సందు ఏర్పడితే చాలు, పట్టు బాగా పడిపోతుంది. ఒక వెంట్రుక చిక్కుకున్నా, పౌడరూ చెమటా కలిసి పేరుకున్నా అదే జరుగుతుంది. మా దగ్గరికి "అయస్కాంతం చచ్చిపోయింది" అని తెచ్చిన లాకుల్లో చాలావాటిని పుల్లకు దూది చుట్టి తుడిచి ఇస్తే మళ్లీ పనిచేశాయి.

నిజంగా చచ్చిపోయేవీ ఉంటాయి, వాటికి కారణం వేడి. మామూలు రకం నియోడిమియం బిళ్ల 80 డిగ్రీల సెల్సియస్ దాటితే బలం కోల్పోవడం మొదలుపెడుతుంది, చల్లారాక ఆ బలం తిరిగి రాదు. బంగారానికి టంకం పెట్టే వేడి దానికి ఎన్నో రెట్లు. అందుచేత బిళ్ల ఉన్న లాక్‌ను గొలుసుకు నేరుగా టంకంతో అతికించే పనివాడి దగ్గర ఆ పని చేయించవద్దు. ముందు అతుకులన్నీ పూర్తిచేసి, చివరన రింగులతో తగిలించాలి. ఇళ్లలో ఆడవాళ్లు పండగ ముందు గొలుసులను కుంకుడుకాయ నీళ్లలో వేసి మరిగిస్తారు. మాగ్నెట్ లాక్ ఉన్న గొలుసును అలా మరిగించవద్దు, లాక్ తీసి పక్కన పెట్టి అప్పుడు శుభ్రం చేసుకోండి.

మన గంజాం, గజపతి ప్రాంతాల ఉక్కపోతలో చెమట ఇంకొక శత్రువు. ఆ బిళ్లలకు తడి తగిలితే తుప్పు పడతాయి కనుక వాటి మీద నికెల్ పూత వేస్తారు. పూత అరిగితే లోపల బూడిద రంగు పొడి రాలుతుంది, అంచులు పెళుసై విరుగుతాయి. కొందరి ఒంటికి నికెల్ పడదు. మెడ వెనక దురద, ఎర్రటి దద్దు వస్తాయి. చౌకరకం చెవిదుద్దులు పెట్టుకున్నప్పుడు మీ అమ్మగారికి చెవులు చీము పట్టడంగానీ దురద పెట్టడంగానీ ఉంటే ఈ లాక్ కూడా పడకపోవచ్చు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఆ బిళ్లల బరువు బంగారం బరువు కాదు. హాల్‌మార్క్ నగ బిల్లులో నికర బంగారం బరువు విడిగా రాయాలి. లాక్‌తో కలిపి తూచి అంతటికీ బంగారం ధర కట్టనివ్వకండి.

ఇప్పుడు మీ గొలుసు విషయం. 12 గ్రాములు పెద్ద బరువు కాదు, మంచి లాక్ దాన్ని మోస్తుంది. కానీ మోయడం వేరు, పోకుండా కాపాడడం వేరు. ఒంటి అయస్కాంతం మీద నమ్మకం పెట్టి బంగారాన్ని వీధిలోకి పంపవద్దని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను. దీనికి నేను చేసి ఇచ్చే ఉపాయం ఒకటుంది. గొలుసు రెండు కొసలనూ ఆరేడు అంగుళాల సన్నటి గొలుసుతో శాశ్వతంగా కలిపేస్తాను. అప్పుడు మొత్తం చుట్టు 24, 25 అంగుళాలు అవుతుంది, తల మీదుగా దండలా వేసుకోవచ్చు. వేసుకున్నాక ఆ అదనపు పొడవును దగ్గరికి లాగి ఉంచడానికి మాత్రమే మాగ్నెట్ ఉంటుంది. అది ఊడిందనుకోండి, గొలుసు కిందికి జారి వేలాడుతుందే తప్ప మెడ విడిచి పోదు. అదనపు ముక్క వెండితో చేసి బంగారు పూత వేస్తే ఖర్చు కూడా తక్కువ. మీ ఇంటి పరిస్థితి చూస్తే, ఆ లాగి ఉంచే పనికి మాగ్నెట్ కూడా అక్కర్లేదు. వేలు దూరేంత పెద్ద కొక్కెం పెడితే అమ్మగారు గొలుసును ముందుకు తిప్పుకుని, కళ్లతో చూస్తూ తగిలించుకుని, మళ్లీ వెనక్కి తిప్పుకోవచ్చు. పుస్తెలతాడు పొడుగ్గా ఉండి తల మీదుగానే దిగుతుంది గనుక దానికి మాగ్నెట్ వేయించే జోలికి అసలు వెళ్లవద్దు.


జవాబు: రాయగడ సిస్టర్

అమ్మా, నేను 14 ఏళ్లు గుండెజబ్బుల విభాగంలో నర్సుగా పనిచేశాను. మీ ప్రశ్న చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఒకే మంచం మీద పడుకోవడం గురించి మీరు భయపడుతున్నారు. నన్ను భయపెట్టింది చొక్కా జేబు.

పేస్‌మేకర్ లోపల అయస్కాంతాన్ని గుర్తుపట్టే ఏర్పాటు కావాలనే పెడతారు. పరీక్ష సమయంలోనూ కొన్ని శస్త్రచికిత్సల సమయంలోనూ వైద్యులు ఛాతీ మీద అయస్కాంతం ఉంచి యంత్రాన్ని తాత్కాలికంగా వేరే పద్ధతిలోకి మారుస్తారు. అప్పుడు అది గుండె సొంతంగా కొట్టుకుంటోందా లేదా అని చూడడం మానేసి, నిర్ణీత వేగంతో ప్రేరణలు పంపుతూ పోతుంది. అయస్కాంతం తీసేస్తే మామూలు స్థితికి వస్తుంది, యంత్రం పాడవదు. ఆ మార్పు వైద్యుల కళ్ల ముందు జరిగితే మేలు, ఎవరికీ తెలియకుండా గుడి మెట్ల మీద జరిగితే కీడు. గుండెకు షాక్ ఇచ్చే ఐసీడీ అనే యంత్రం ఉన్నవారి విషయం ఇంకా తీవ్రమైనది. దాని మీద అయస్కాంతం ఉన్నంతసేపు చాలా రకాల ఐసీడీలు షాక్ ఇవ్వవు. ప్రాణం కాపాడవలసిన క్షణంలో ఊరుకుండిపోతాయి.

అయస్కాంత బలాన్ని గాస్ అనే కొలతలో చెబుతారు. సాధారణంగా 10 గాస్ స్థాయి అయస్కాంత క్షేత్రం తగిలితే ఈ ఏర్పాటు పనిచేయడం మొదలవుతుంది. ఇలాంటి యంత్రాలు ఉన్నవారికి 5 గాస్‌ను హద్దుగా పెట్టుకుంటారు. చిన్న అయస్కాంతం బలం దూరంతో పాటు చాలా వేగంగా తగ్గుతుంది. దూరం రెట్టింపయితే బలం ఇంచుమించు ఎనిమిదో వంతు అవుతుంది. గొలుసు లాక్‌లో ఉండే బిళ్లలు కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే ఆ హద్దు కిందికి పడిపోతాయి. అయినా వైద్యులు కనీసం 15 సెంటీమీటర్లు, అంటే ఆరంగుళాలు, ఎడం పాటించమంటారు. 2021లో అయస్కాంతాలున్న కొత్తరకం మొబైల్ ఫోన్ల గురించి ఇదే చర్చ వచ్చినప్పుడు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ కూడా ఆరంగుళాల దూరమే చెప్పింది. బొటనవేలు, చిటికెనవేలు చాచి జానెడు కొలిస్తే అంతకన్నా కొంచెం ఎక్కువే వస్తుంది, ఆ కొలత గుర్తుంచుకుంటే చాలు.

ఇప్పుడు మీ ఇంట్లో ఆ జానెడు ఎక్కడ తగ్గుతుందో చూద్దాం. అమ్మగారి మెడ వెనక లాక్ ఉన్నప్పుడు పక్కన కూర్చుని మాట్లాడుకోవడంలో, ఒకే కంచంలో తినడంలో, స్కూటర్ మీద వెళ్లడంలో ఏ ఇబ్బందీ లేదు. రాత్రి అమ్మగారు నాన్నగారి ఎడమ భుజం మీద తల పెట్టుకుంటే తగ్గుతుంది. కాబట్టి పడుకునే ముందు గొలుసు తీసి మంచానికి దూరంగా ఉన్న బీరువాలో పెట్టాలి. నాన్నగారు ఆ గొలుసు చేత్తో పట్టుకుని తగిలించవచ్చు, కానీ దాన్ని గుండెకు ఆనించుకోకూడదు. ఇక చొక్కా ఎడమ జేబు సరిగ్గా యంత్రం మీదో, దానికి నాలుగు వేళ్ల కిందో ఉంటుంది. అక్కడ ఆ జానెడు పూర్తిగా పోతుంది. మజ్జిగౌరమ్మ గుడి దగ్గర ఆదివారం జనంలో ఎంతమంది మగవాళ్ల చొక్కా జేబుల్లో భార్యల గొలుసులు ఉంటాయో నేను ఎప్పుడూ చూసేదాన్ని. మాగ్నెట్ ఉన్న ఏ వస్తువూ మీ నాన్నగారి జేబులోకి వెళ్లకూడదు, కళ్లద్దాల పెట్టె మూతకు మాగ్నెట్ ఉంటే అది కూడా.

మీరు అడగకపోయినా మరో ఇద్దరి గురించి చెప్పాలి. తలలో నీరు చేరినందుకు షంట్, అంటే ఆ నీటిని మళ్లించే గొట్టం, వేయించుకున్నవారికి, ఆ షంట్ బయటి నుంచి సరిచేసే రకమైతే, అయస్కాంతం దాని అమరికను మార్చగలదు. వినికిడి కోసం కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించుకున్నవారి చెవి వెనక చర్మం కింద కూడా అయస్కాంతమే ఉంటుంది. మెడ వెనక లాక్ ఈ ఇద్దరికీ చాలా దగ్గరగా వస్తుంది కనుక వారు తమ వైద్యుణ్ని అడగకుండా వేసుకోకూడదు. ఎంఆర్ఐ గదిలోకి వెళ్లేటప్పుడు ఎవరైనా సరే తీసివేయాలి.

ఆరోగ్యంగా ఉన్న మనిషి మెడకు ఈ చిన్న అయస్కాంతం హాని చేయదు. రక్తంలో ఇనుము ఉంది కదా, అది లాగేస్తుందేమో అని కొందరు అడుగుతారు. రక్తంలోని ఇనుము మేకులోని ఇనుములా అయస్కాంతానికి అంటుకోదు. అలాగే మెడనొప్పి తగ్గుతుందన్న మాటకు కూడా ఆధారం లేదు. బ్రిటన్‌లోని యార్క్ విశ్వవిద్యాలయం వారు కీళ్లవాతం ఉన్న 70 మందికి అయస్కాంతపు పట్టీలు, రాగి కడియాలు వేయించి చూశారు. ఉత్తుత్తి పట్టీ వేసుకున్నప్పటికన్నా చెప్పుకోదగ్గ ఉపశమనం ఏదీ కనబడలేదని 2013లో ప్రచురించారు. అమ్మగారు మాగ్నెట్‌ను నమ్మి మందులు మానకుండా చూడండి, నేను అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

బాబు సంగతి అన్నిటికన్నా ముఖ్యం. చౌకరకం లాకుల్లో బిళ్లలను జిగురుతో అంటిస్తారు, చెమటకు ఆ జిగురు వదులుతుంది. పిల్లవాడు ఒక బిళ్ల మింగి, కాసేపటికి ఇంకొకటి మింగితే, పేగు రెండు మడతల్లో ఉన్న ఆ బిళ్లలు ఒకదాన్నొకటి లాక్కుని, మధ్యలో పేగు గోడను నొక్కి చిల్లు పెట్టగలవు. ఒక బిళ్లతో పాటు ఇనుప ముక్క మింగినా అదే ప్రమాదం. మొదట మామూలు వాంతి, కడుపునొప్పిలా కనిపిస్తుంది. అరటిపండు తినిపించి రేపటిదాకా చూద్దామని ఎవరు చెప్పినా వినవద్దు. ఏమీ తినిపించకుండా, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, ఎక్స్‌రే, శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి. లాక్‌లో రెండు బిళ్లలూ చోటున ఉన్నాయో లేదో వారానికొకసారి గోటితో కదిపి చూడండి.


జవాబు: జయపురం కోడలు

పైన కంసాలి గారు పక్కలాగుడు గురించి చెప్పినది నా అనుభవంలో అక్షరాలా నిజం. నేను నల్లపూసలకు మాగ్నెట్ లాక్ వేయించుకుని ఏడాది పాటు ఎంతో సుఖంగా వాడుకున్నాను. రాయగడ వెళ్లే బస్సులో సీటు మీది నుంచి లేస్తున్నప్పుడు భుజాన సంచి పట్టీ మెడ వెనక ఒరుసుకున్నట్టు తెలిసింది, అంతకుమించి ఏమీ తెలియలేదు. మామూలు కొక్కెం తెగితే మెడకు చురుక్కుమంటుంది. మాగ్నెట్ విడిపోయినప్పుడు ఏ నొప్పీ ఉండదు, అందుకే పోయిన సంగతి ఇంటికి వచ్చి అద్దంలో చూసుకునే వరకు తెలియలేదు. పూసల మధ్య రెండు బంగారు గుండ్లు ఉండేవి. మా అత్తగారు ఒక్క మాట అనలేదు, కానీ ఆ గుండ్లు ఆమె తల్లివి.

ఇప్పుడు ముత్యాల దండలకు, వన్ గ్రాము నగలకు మాత్రమే మాగ్నెట్ వాడుతున్నాను, అక్కడ అది చాలా బాగుంటుంది. చిన్న చిరాకులు ఉన్నాయి: వంటింట్లో వంగితే లాక్ ఇనుప మూకుడు అంచుకు అంటుకుంటుంది, పెట్టెలో పెడితే పిన్నీసులన్నీ దాని చుట్టూ చేరతాయి. గుడ్డ సంచిలో విడిగా పెట్టుకోండి. బ్యాంకు కార్డు వెనక నల్లగీతకు ఆనించి ఉంచితే ఆ గీత చెడిపోవచ్చు, చిప్‌కు మాత్రం ఏమీ కాదు. ముల్లుల చేతి గడియారం దగ్గర కూడా పెట్టకండి.


గంజాం ఆడపడుచు, బరంపురం

మీ అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. చొక్కా జేబు మాట చదవగానే లేచి వెళ్లి నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన ఎడమ జేబు మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. మొన్న తనిఖీకి వెళ్లినప్పుడు విశాఖపట్నంలో వైద్యుణ్ని కూడా అడిగాము. ఆరంగుళాల దూరమే ఆయనా చెప్పారు, జేబు సంగతి ఆయనకూ ప్రత్యేకంగా చెప్పాము.

బంగారు గొలుసుకు మాగ్నెట్ వద్దనుకున్నాము. కంసాలి గారు చెప్పినట్టే వెనక ఏడంగుళాల సన్న గొలుసు వేయించి, పెద్ద కొక్కెం పెట్టించాము. అమ్మ దాన్ని తల మీదుగా వేసుకుని, ముందుకు తిప్పుకుని, రెండో ప్రయత్నంలో తగిలించుకుంది. ఒక్క ముత్యాల దండకు మాత్రం సేఫ్టీ చైన్ ఉన్న మాగ్నెట్ లాక్ తీసుకున్నాము, అది బాబుకు అందని పై అరలో ఉంటుంది. ఒక్కటి అడగడం మరిచిపోయాను. సేఫ్టీ చైన్ రింగులు చాలా సన్నగా కనిపిస్తున్నాయి, అవి సాగుతాయా?


కుంపటి దగ్గర, పర్లాకిమిడి

సాగుతాయి అమ్మా. దుకాణాల్లో దొరికే మాగ్నెట్ లాకుల సేఫ్టీ చైన్ రింగులను చాలావరకు నొక్కి మూస్తారు, టంకం పెట్టరు. ఒక రింగును గోటితో తెరవగలిగితే అది మీ దండను ఆపదు. లాక్‌ను విప్పి రింగులు మాత్రమే పనివాడికి ఇచ్చి టంకం పెట్టించండి. మాగ్నెట్ సగాలు మీ చేతిలోనే ఉంచుకోండి, కుంపటి దగ్గరికి వెళ్లనివ్వకండి.


గంజాం ఆడపడుచు, బరంపురం

అలాగే చేయిస్తాను. జనంలోకి వెళ్లినప్పుడు గొలుసు తీసి దాచుకోవడానికి అమ్మకు మూతి బిగించే తాడుతో చిన్న పట్టు సంచి కుట్టి ఇచ్చాను. పాత బరంపురం పట్టుచీర అంచు ముక్క అది. అమ్మ దాన్ని బొడ్లో దోపుకుంటోంది.